పాత బొందలగడ్డను బాగు చేస్తున్నం, ఒక రాయిని పాడు చేసినం. ఇగ ముందుకు ఎట్ల పోవాలె?

రాతిపని (దేవరకొండ దిక్కు)

అందరికీ నమస్తే. మాది దేవరకొండకు దగ్గర్ల ఒక చిన్న ఊరు. పేరు ఇప్పుడే రాస్తలేను. మా దిక్కు గుప్తనిధులని రాత్రిపూట తవ్వేటోళ్లు తిరుగుతరు, అందుకు.

మా చెరువు కట్ట దిగంగనే పాత బొందలగడ్డ ఉంది. రెండెకరాల పైచిలుకు. తూర్పు దిక్కు ముసల్మానుల ఖబర్లు, కొన్ని సున్నంతో కట్టినయి, కొన్నింటికి నాపరాయి పలకలు. నడుమ జంగమోళ్ల సమాధులు, మీద చిన్న లింగం, ముందట నంది. పడమటి మూలకు సిలువ చెక్కిన రాళ్లు. మిగిలిన జాగంత మా అసొంటోళ్లది. రాయి లేదు, పేరు లేదు, మట్టి కుప్పలే. మా తాత అండ్లనే ఉన్నడు. ఏ కుప్ప అనేది మా నాయినకే సరిగ యాదికి లేదు.

ఐదారేండ్ల కింద ఊరికి కొత్త వైకుంఠధామం కట్టిన్రు. షెడ్డు, నీళ్ల ట్యాంకు, గోడ, అన్ని మంచిగనే ఉన్నయి. అప్పటి సంది పాత జాగ దిక్కు మనిషి రాలేదు. సర్కారు తుమ్మ కమ్మేసింది. చెరువుల తీసిన పూడిక మట్టి కొంత తెచ్చి అక్కడనే పోసిన్రు. తర్వాత కోడి ఈకల సంచులు, బీరు సీసాలు, పెండ్లిళ్ల ఇస్తరాకులు. పోయిన పెత్రమాస నాడు నాయిన తాతకు కొబ్బరికాయ కొట్టొస్తనని పోయిండు. ముండ్లల్ల కాలు పెట్ట సందు లేక కొబ్బరికాయ చేతుల పట్టుకొనే తిరిగొచ్చిండు. ఆ రోజు ఇంట్ల ఎవ్వరితోని మాట్లాడలే.

నాయిన రాళ్లు కొట్టిన మనిషి. డెబ్బై దాటినయి. నలభై ఏండ్లు బండలు చీల్చిండు, హద్దులకు పాతే రాతి కడీలు తీసిండు, సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కిండు. చదువు రాదు. కాగితం మీద అచ్చరం రాసిస్తే చూసి రాతి మీదికి దింపుతడు, తెలుగైనా ఉర్దూ అయినా. రాతి పలుకు తగిలి ఒక కన్ను పోయింది, రెండోది మసక. ఇప్పుడు ఆయన రాళ్లను వేళ్లతోనే చూస్తడు.

పదకొండు మందిమి కూడినం. ఇద్దరు ఆటో తోలేటోళ్లు, డిగ్రీ పిల్లలు నలుగురు, మసీదు గల్లీల టైలర్ భాయి, ఆశా వర్కర్ అక్క ఒకామె, తక్కినోళ్లు వ్యవసాయం. ఆదివారం పొద్దుగాల ఆరింటికి పోతం, ఎండ ముదిరేలోపు తొమ్మిదింటికి వస్తం. ఏడు ఆదివారాలైంది. ఇప్పటిదాక 43 ఖబర్లు, 17 జంగం సమాధులు, 26 సిలువ రాళ్లు బయటపడ్డయి. ఒకసారి కంప లాగితే కింద రక్తపింజర. అప్పటి సంది గంబూట్లు లేనోళ్లను లోపలికి రానిస్తలేం.

ఇప్పుడు మా తప్పు చెప్త. నాలుగో ఆదివారం ఒక చిన్న నాపరాయి పలక దొరికింది, పాకుడు పట్టి నల్లగ ఉంది. మా పదకొండు మందిలనే ఒకరు బాత్రూం యాసిడ్ సీసా తెచ్చి పోసిన్రు. నేను పక్కనే నిలబడ్డ, వద్దనలే. బుస్సుమని నురుగొచ్చింది, ఘాటు పొగ లేసింది, ఇనుప బ్రష్షుతో గట్టిగ రుద్దినం. నీళ్లు కొడితే రాయి కొత్త పలక తీరు తెల్లగ మెరిసింది. అందరం చప్పట్లు కొట్టినం. నాయిన వచ్చి కూసొని రెండు చేతులతో రాయి మొత్తం తడిమిండు. మళ్లీ తడిమిండు. "అచ్చరాలు ఏవిరా?" అన్నడు.

పోసేముందు అచ్చరాలు ఉన్నయి. నా కండ్లతోని చూసిన. ఉర్దూ అచ్చరాలు, మూడు వరసలు. ఫోటో తియ్యలే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

అందుకే ఇంకో తప్పు చెయ్యకముందే అడుగుతున్న. ఆ రాయికి ఇప్పుడు ఏమన్న చెయ్యొచ్చా? ఒక పెద్ద సున్నపు ఖబరు ఉంది, తల దిక్కు దీపం పెట్టే గూడు, చుట్టూ పూల తీగ పోతపోసినట్టు ఉంది, ఎంత బాగుంటదంటే చెప్పలేను. దాని నడుమ రావి మొక్క మొలిచి గోడ రెండుగ పగిలింది. లాగేద్దామా? పట్నంల ఉండే మా ఊరాయన ఒకరు సిమెంటు, టైల్సు, రంగులు అన్ని ఇస్తనన్నడు, అన్ని సమాధులు ఒక్క తీరు చేద్దామని. ఇంకోటి, ప్రహరీ గోడకు పునాది కావాలె. ఉత్తరం దిక్కు చివరన పెద్ద పెద్ద గుండ్లు గుండ్రంగ పడి ఉన్నయి, పనికిరాకుంట. వచ్చే ఆదివారం జేసీబీ ఫ్రీగ వస్తున్నది, వాటిని లేపి పునాదిల వేద్దామనుకుంటున్నం. ఇంతకు ఈ పనులకు పర్మిషన్ ఎవరిని అడగాలె? తెలిసినోళ్లు చెప్పున్రి.

పాలమూరు టీచర్

తమ్మీ, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు జేసీబీ ఆపించు. ఈ రాత్రికే ఫోన్ చెయ్యి.

ఆ గుండ్ల దగ్గరికి పోయి మూడు సంగతులు చూడు. గుండ్లు నిజంగా ఒక చుట్టులో ఉన్నాయా? ఆ చుట్టు నడుమ నేల కొంచెం ఉబ్బి, చిన్న రాళ్లు కుప్పపోసినట్టు ఉందా? ఎక్కడైనా మందపాటి బండ అంచు మట్టిలోంచి నిలువుగా పైకి కనిపిస్తుందా? ఈ మూడింట్లో రెండున్నా అవి పనికిరాని గుండ్లు కావు. అవే మీ బొందలగడ్డలో అన్నిటికంటే పాత సమాధులు. ఇనుప యుగం నాటివి. రెండు వేల ఏళ్లకు పైబడినవి, కొన్ని చోట్ల మూడు వేల ఏళ్ల దాకా పోతాయి. మన ఊళ్లల్లో వాటిని రాకాసి గుళ్లు, పాండవ గుళ్లు అంటారు. మీ పెద్దవాళ్లను ఆ పేరు పెట్టి అడుగు, చెప్తారు.

నడుమ గుంత తీసి, నాలుగు దిక్కులా బండలు నిలబెట్టి పెట్టెలాగా చేసి, లోపల ఎముకలు, కుండలు, ఇనుప సామాను పెట్టి, మీద మూతబండ వేసేవాళ్లు. చుట్టూ గుండ్లు పేర్చేవాళ్లు. లోపలి కుండలు ఒక పక్క నలుపు, ఒక పక్క ఎరుపు ఉంటాయి, బోర్లించి కాల్చడం వల్ల ఆ రంగు. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో ఇట్లాంటిది తవ్వినప్పుడు మీది బండే నలభై టన్నుల పైమాట అని తేలింది. క్రేను పెట్టి లేపారు. అప్పట్లో దాన్ని మనుషులే అక్కడికి చేర్చారు, పోయినవాళ్ల కోసం. నేను ఆ మాట తలచుకున్నప్పుడల్లా కాసేపు ఆగిపోతాను.

మీ నల్లగొండ జిల్లాలోనే ఏలేశ్వరం ఉండేది. నాగార్జునసాగర్ నీళ్లలో మునగకముందు పురావస్తు శాఖ వాళ్లు అక్కడ తవ్వి ఇట్లాంటి సమాధులు చూశారు. ఇప్పుడు ఆ చోటు నీళ్ల కింద ఉంది. మీది నేల మీదే ఉంది.

మా వైపు ముడుమాల్ ఉంది, నారాయణపేట జిల్లా, కృష్ణ మండలం. నిలువురాళ్లు మనిషికి రెండింతల ఎత్తున, దాదాపు 80 నిలబడి ఉన్నాయి. ఒక బండ మీద సప్తర్షి మండలం ఆకారంలో గుంటలు తొలిచి ఉన్నాయి. నేను నా తొమ్మిదో తరగతి పిల్లలను రెండుసార్లు తీసుకపోయిన. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ఆ చోటు చేరింది. అది అన్నేళ్లు ఎట్లా మిగిలిందో తెలుసా? ఊరివాళ్లు ఆ రాళ్లకు నిలువురాళ్ల తిమ్మప్ప అని మొక్కారు. చుట్టుపక్కల చేన్లల్లో ఉన్న చిన్న రాళ్లు మాత్రం చాలా వరకు పోయినయి, ఒకటి గెట్టుకు, ఒకటి పునాదికి, ఒకటి బండలు కొట్టేటోళ్లకు. మీ పునాది మాట చదవంగనే నాకు అదే గుర్తొచ్చింది.

కాబట్టి ఆ చుట్టులో గడ్డపార దించొద్దు. కొట్టిన తుమ్మ కంపను ఆ గుండ్ల పక్కన కాల్చొద్దు, వేడికి గ్రానైటు పొరలు పొరలుగా పెచ్చులూడుతది. చుట్టు వ్యాసం కొలిచి, గుండ్లు లెక్కపెట్టి, పక్కన కొలబద్ద పెట్టి ఫోటోలు తీయండి. రాష్ట్ర వారసత్వ శాఖకు చేతిరాత అర్జీ పెట్టండి. 2017లో తెలంగాణకు సొంత వారసత్వ చట్టం వచ్చింది, దాని కింద రక్షణ అడగవచ్చు. ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఊరి పేరు రాయకపోవడం మంచి పని చేశావు. గుప్తనిధుల వాళ్లకు మన ఫోటోయే దారి చూపిస్తది. ఆ సమాధుల్లో నిధులేమీ ఉండవు, కానీ వాళ్లు ఆ మాట నమ్మరు, తవ్విపోస్తారు.

రాతిపని

మేడం, జేసీబీ ఆపినం. ఇప్పుడే టార్చి పట్టుకొని నాయినను తోలుకపోయి చూసొచ్చిన. చుట్టు తొమ్మిది అడుగులేస్తే దాటొస్తది. నడుమ ఉబ్బి ఉంది. దక్షిణం దిక్కు బండ అంచు ఒక జానెడు పైకి ఉంది. నాయిన దాన్ని తడిమి, "దీనికి ఉలి తగలలే, పొర పట్టి లేపిన బండ" అన్నడు. అసొంటి బండ చీల్చాలంటే ఇప్పటి సామాన్లతోని కూడ అలవాటు చెయ్యి ఉండాలంట. రాకాసి గుండ్లు అనే పేరు ఆయనకు తెలుసు, చిన్నప్పుడు మేకలు కాయవోతే ఆ జాగల కూసోవద్దని వాళ్లమ్మ చెప్పేదంట. ఇన్ని దినాలు మాకు ఎందుకు చెప్పలే అంటే "మీరు అడిగిన్రా?" అన్నడు.

సున్నం మేస్త్రి (వనపర్తి)

తమ్మి, నేను గుళ్లు, గడీలు, కోటగోడలు సున్నంతోని బాగు చేసే మేస్త్రిని. మా నాయిన దగ్గర నేర్చిన. నీ రాయి సంగతి చదివి మనసు కలుక్కుమన్నది, ఎందుకంటే ఇసొంటియి నేను శానా చూసిన.

నాపరాయి అంటే సున్నపురాయే. యాసిడ్ పోస్తే మురికి ఒక్కటే పోదు, రాయే కరిగిపోతది. ఆ నురుగు రాయిదే. పోయిన పొర ఎవ్వరు తేలేరు. ఇప్పుడు చెయ్యవలసింది ఒక్కటే, నాలుగైదు దఫాలు మంచినీళ్లతోని నిదానంగ కడుగు, లోపల దాగిన యాసిడ్ బయటికి రావాలె. బోరు నీళ్లు వాడకు, మన దిక్కు బోర్లల్ల ఉప్పు ఉంటది, ఆరినంక తెల్లగ చౌడు పూసి రాయిని ఇంక తింటది. చెరువు నీళ్లు, లేకుంటే ఇంటికొచ్చే కృష్ణ నీళ్లు వాడు. తర్వాత నూనె, పాలిష్, రంగు ఏది పెట్టకు. వదిలేయ్.

తక్కిన రాళ్లకు నీళ్లు, మెత్తటి బ్రష్షు, వెదురు పుల్ల. అంతే. ముందుగాల వేలి గణుపుతోని మెల్లగ తట్టు. బోలు సప్పుడు వస్తే, పొర లేస్తుంటే, ఆ రాయిని కడగనే కడగకు. పాకుడు ఒక్కదినంల పోకున్నా ఏం కాదు, ఆ రాయి అక్కడ నూరేండ్ల సంది ఉంది.

రావి మొక్కను లాగినవంటే గోడ దానితోటే వస్తది. వేరు సున్నం కీళ్లల్లకు పోయి, ఇప్పుడు గోడను పగలగొట్టింది అదే, నిలబెట్టింది అదే. రంపంతోని మొదలుకంట కోయి. కోసిన మొఖం పచ్చిగ ఉండంగనే గడ్డిమందు బ్రష్షుతోని ఆ కోతకు మాత్రమే రాయి, సున్నానికి అంటనీయకు. మళ్లీ చిగురేస్తే మళ్లీ కొయ్యి. ఏడాది రెండేండ్లకు వేరు ఎండి వదులైతది. అప్పుడు వచ్చిన కాడికి తీసి, సందుల్ల సున్నం కూరాలె. అందాక గోడకు కట్టెలు పోటు పెట్టి, గోనెపట్ట కప్పి ఆపు.

ఇగ సిమెంటు. ఆ అన్నకు దండం పెట్టి వద్దని చెప్పు. సున్నపు గోడ తేమను పీలుస్తది, వదులుతది. సిమెంటు పూసినవంటే తేమ లోపలనే చిక్కుతది, ఉప్పు లోపలనే పేరుకుంటది. బయటికి గట్టిగ కొత్తగ కనబడతది, లోపల ఇటుక పిండిపిండి అయితది. నేను ఒక పాత గుడి మండపం కాడికి పోయిన, ఎవరో ముందట సిమెంటు ప్లాస్టరు చేసిపోయిన్రు. ఉలితోని ఒక్క దెబ్బ కొడితే జానెడు మందం పలక తీరు ఊడొచ్చింది. దాని ఎనక ఇటుక లేదు, చేతుల పోసుకుంటే ఎర్ర పొడి. ఆ పొడి మీద ఏం కడ్తం? పట్నంల కుతుబ్‌షాహీ సమాధుల కాడ 2013ల పెద్ద పని మొదలువెట్టిన్రు కద, అక్కడ పాత మరమ్మతుల సిమెంటు చెక్కితీసి మళ్ల సున్నమే వేసిన్రు. పెట్టిన ఖర్చు తియ్యనీకి ఇంకోసారి ఖర్చు.

సున్నం నువ్వే చేసుకోవచ్చు. బట్టీల కాల్చిన రాళ్ల సున్నం తెచ్చి గుంతల వేసి నీళ్లు పొయ్యి. అది సలసల ఉడుకుతది, కండ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు లేకుండ దగ్గరికి పోకున్రి, పిల్లలను అసలే రానియ్యకు. జల్లెడ పట్టి, మీద నీళ్లు ఆరకుండ నెల నానబెట్టు. ఎంత నానితే అంత వెన్న. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు వాగు ఇసుక. కరక్కాయలు దంచి నీళ్లల్ల నానబెట్టి, ఆ నీళ్లల్ల బెల్లం కలిపి పోస్తం. గానుగ దొరకకపోతే రోట్ల దంచు, చేతులు పడిపోయేదాక దంచాలె. పలుచగ పూత వెయ్యి, వేలి మందం దాటొద్దు. తడి గోనెసంచి కప్పి రెండు వారాలు తడుపు. ఎండాకాలం ఈ పని పెట్టుకోకు, పగుళ్లు వస్తయి. వానలు పోయినంక, చలి దిగినప్పుడు మంచిది.

గూడు చుట్టూ తీగ అన్నవు కద, అది పోత కాదు. తడి సున్నం మీద చేత్తోని చెక్కిన పని. పోయిన ఆకు జాగల కొత్త ఆకు చెయ్యకు. ఉన్న ఆకు పడకుండ అంచు పట్టియ్యి, సాలు. మీ నాయిన ఉలి పట్టిన మనిషి కద, ఆయనకు చూపియ్యి, నా కన్న మంచిగ చెప్తడు.

రిటైర్డ్ గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్)

బాబూ, పర్మిషన్ గురించి చెబుతాను. ముందు ఆ భూమి కాగితంలో ఏమని ఉందో తెలుసుకో. 1954-55 ఖాస్రా పహాణీ (భూమి, సాగు లెక్కల పుస్తకం) నకలు, దానికి ముందుదైన సేత్వార్ (తొలి సర్వే రిజిస్టరు), గ్రామ నక్ష (ఊరి పటం), టిప్పన్ (సర్వే నంబరు కొలతల చిత్రం) కోసం తహసీల్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పాత పహాణీలో ఖబరస్తాన్, స్మశానం, గైరాన్ (ఊరుమ్మడి మేత భూమి) అని విడివిడిగా రాసి ఉండవచ్చు. ఒకే గెట్టులో రెండు మూడు సర్వే నంబర్లు ఉండడం మామూలే. ఖబర్లున్న భాగం వక్ఫ్‌లో నమోదై ఉంటే మసీదు కమిటీ రాతపూర్వక అంగీకారం లేకుండా అక్కడ ఒక్క రాయి కదపకండి. జంగం కుటుంబాలను, చర్చి సంఘ పెద్దలను కూడా కూర్చోబెట్టండి. తర్వాత గ్రామ పంచాయతీ తీర్మానం. చేసే పని ఏమిటో తీర్మానంలో స్పష్టంగా ఉండాలి: కంప తొలగించడం, రాళ్ల నమోదు, ఉన్నది నిలబెట్టడం. "అభివృద్ధి" అనే మాట రాయించకండి. ఆ మాట చాటున రేపు ఎవరైనా షాపింగ్ కాంప్లెక్స్ కట్టవచ్చు.

సర్వే చేయించి హద్దురాళ్లు పాతించుకోండి. నా సర్వీసులో నేను చూసింది ఏమిటంటే, తుమ్మ మూసిన భూమి జోలికి ఎవరూ రారు. తుమ్మ తీసిన నెలకే ఎవరో ఒకరు పక్కన కడీలు పాతుతారు. మీరు శుభ్రం చేసిన ప్రతి గుంటకూ కాగితం వెంట ఉండాలి. సమాధుల చోట అతిక్రమించి అవమానం చేయడం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద నేరం. అవసరమైతే ఆ సంగతి చెప్పండి, ముందే చెప్పకండి.

ఉర్దూ మాస్టర్, నారాయణపేట

భాయ్, ఆ రాయి ఇంకా పూర్తిగా పోయి ఉండకపోవచ్చు. రాత్రి పూట పోయి, టార్చిని రాయికి దాదాపు అంటించినట్టు పక్క నుంచి పట్టుకో. నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫోటోలు తియ్యి. పగలు మీది నుంచి పడే వెలుగులో కనబడని గీత పక్క వెలుగులో నీడ వేస్తది. మిగతా రాళ్లకూ ఇదే పద్ధతి. అక్షరాలు కనబడాలని సుద్ద పూయడం, పిండి చల్లడం, నూనె రాయడం వద్దు.

సంవత్సరం చదివేటప్పుడు జాగ్రత్త. నిజాం రాజ్యంలో హిజ్రీ (ముస్లింల సంవత్సరం), ఫస్లీ (పంటల లెక్కన నడిచే సర్కారు సంవత్సరం) రెండూ నడిచినయి. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం దగ్గరికొస్తది. హిజ్రీ అట్ల కాదు, అది చాంద్రమానం. రాయి మీద 1318 ఉందనుకో, హిజ్రీ అయితే 1900-01, ఫస్లీ అయితే 1908-09. పక్కన నెల పేరు ముహర్రం, సఫర్, రంజాన్ అని ఉంటే హిజ్రీ. ఆజర్, దై, బహ్మన్ అని ఉంటే ఫస్లీ. ఫోటోలు నాకు మెసేజ్ చెయ్యి, చదివి పెడతా.

రాతిపని (మూడు నెలల తర్వాత)

అందరికీ దండాలు. చెప్పవలసింది శానా ఉంది, ముఖ్యమైనయే రాస్త.

గుండ్ల చుట్టు అట్లనే ఉంది. దాని చుట్టు రెండు గజాలు వదిలి తుమ్మ కంపతోని దడి కట్టినం, మేకలు కూడ పోవు. వారసత్వ శాఖకు అర్జీ రిజిస్టర్ పోస్టుల పంపినం, రసీదు పంచాయతీ ఫైల్ల పెట్టినం. పునాది ఆలోచన విడిచినం. ప్రహరీ కూడ వద్దనుకున్నం, హద్దు పొంటి కడీలు పాతి తీగ గుంజుతం. ఆ కడీలు నాయిన దోస్తులు నలుగురు ముసలోళ్లు కొట్టిస్తున్నరు, పైసలు తీసుకుంటలేరు.

గిర్దావర్ సార్ చెప్పినట్టు ఖాస్రా పహాణీ తీసినం. రెండు సర్వే నంబర్లు. ఒకటి ఖబరస్తాన్, ఒకటి గైరాన్. మసీదు కమిటీ సంతకం చేసింది. సంఘం పెద్దలు చేసిన్రు. జంగమోళ్ల ఇండ్లు ఊర్ల ఇప్పుడు రెండే ఉన్నయి, మిగిలినోళ్లు మిర్యాలగూడ, పట్నం పోయిన్రు, వాళ్లకు ఫోన్లు చేసి చెప్పినం. పట్నం అన్నకు సిమెంటు సంగతి చెప్పనీకి నేను భయపడ్డ. మేస్త్రన్న రాసింది మొత్తం చదివి వినిపించిన. ఆయన కాసేపు సప్పుడు చెయ్యలే. తర్వాత "రాళ్ల సున్నానికి ఎంత అయితది?" అని అడిగిండు. సున్నం, కరక్కాయలు ఆయన పైసలే.

ప్రతి రాయికి నంబరు ఇచ్చినం, రాయి మీద రాయలే, చిన్న కట్టె మీద రాసి పక్కన పాతినం. ఆశా అక్క ఒక లాంగ్ నోట్‌బుక్కు పెట్టి నంబరు, కొలత, ఏ దిక్కు తల, ఏ రాయి, ఏం రాసుంది, ఎవరి ఇంటోళ్లు, అన్ని రాస్తున్నది. రాళ్లు లేని మట్టి కుప్పలకు కూడ నంబర్లు ఇచ్చినం. అవి 112. ముసలోళ్లను తోలుకొచ్చి ఒక్కొక్క కుప్ప కాడ నిలబెట్టి అడుగుతున్నం. ఇప్పటికి 31 కుప్పలకు పేర్లు దొరికినయి. మా తాతది ఇంక దొరకలే. ఇది కాదు అది కాదు అనుకుంట నాయిన మూడు కుప్పల కాడికి వచ్చిండు. మూడింటి మీద మూడు కొబ్బరికాయలు కొట్టిండు.

ఇగ ఆ యాసిడ్ రాయి.

మాస్టర్ సాబ్ చెప్పినట్టు రాత్రి టార్చి పెట్టినం. మొదటి రెండు వరసలు ఏం లెవ్వు. మూడో వరసల అంకెలు సగం సగం నీడ వేసినయి. నాయిన వేలితోని వెంట పోయి, వేలు ఎట్ల తిరిగిందో నేల మీద పుల్లతోని గీసి చూపిచ్చిండు. ఆ గీతను, ఫోటోలను మాస్టర్ సాబుకు పంపిన. 1337 అని చెప్పిండు. దాని పక్కన వరసల ఇంకో నాలుగు చిన్న పలకలు ఉన్నయి, మట్టిల కూరుకపోయినయి, తర్వాత దొరికినయి. వాటిని నీళ్లు, వెదురు పుల్లతోనే కడిగినం. నాలుగింటి మీద సఫర్ నెల, 1337 హిజ్రీ. అంటే 1918 నవంబరు. మాస్టర్ సాబ్ చెప్పిండు, అది ఇన్‌ఫ్లుయెంజా జ్వరం దేశమంత ఊడ్చుకపోయిన కాలం అని. ఐదు రాళ్లు, ఒక్కొక్కటి రెండు మూరలు కూడ లేవు. పిల్లలవి.

మా ఊర్ల ముసలోళ్లు "గత్తర ఏడు" అని ఒకటి చెప్తరు, ఒకరిని పూడ్చొచ్చేలోపు ఇంట్ల ఇంకొకరు పోయేటోళ్లని. ఎప్పటిదో ఎవ్వరికి తెల్వదు. ఇదేనేమో అనిపిచ్చింది, గట్టిగ చెప్పలేను.

టైలర్ భాయికి మేనత్త ఒకామె ఉంది, ఎనభై దాటినయి, కొండమల్లేపల్లిల కొడుకు కాడ ఉంటది. ఆటోల తీసుకొచ్చినం. మంచం వేసి కూసోబెడితే రాళ్ల దిక్కు చూసి, వాళ్లమ్మ చెప్పింది చెప్పింది. ఐదుగురు పిల్లలు, అక్కచెల్లెండ్లు, అన్నదమ్ములు, ఒక్క ఇల్లు. పన్నెండు దినాల్ల పోయిన్రంట. వాళ్లమ్మ ఒక్కతే మిగిలిందంట, అప్పటికి పాలు తాగే పిల్ల. నాలుగు పేర్లు చెప్పింది, నాలుగు రాళ్ల మీద ఉన్నవాటికి కలిసినయి. ఐదో పేరు అడిగినం. చానాసేపు ఆలోచించింది. "చోటీ అనేటోళ్లు. అమ్మ ఎప్పుడు చోటీ అనే చెప్పింది" అన్నది. అసలు పేరు ఆమెకు తెల్వదు. ఆ పేరు ఆ రాయి మీద ఉండె.

కొత్తగ "చోటీ" అని చెక్కుదామా అని డిగ్రీ పిల్లలు అడిగిన్రు. నాయిన ఒప్పుకోలే. మసీదు పెద్దలు కూడ వద్దన్నరు. నోట్‌బుక్కుల రాసినం. రాసేటప్పుడు ఆశా అక్క నన్ను చూసి "ఏమని రాయాలె?" అని అడిగింది. నేను చెప్పిన, ఆమె రాసింది:

"నంబరు 19. పిల్ల ఖబరు. నాపరాయి, పొడుగు ఒకటిన్నర మూర. చోటీ అని పిలిచేటోళ్లు. హిజ్రీ 1337. రెండు వరసల రాత ఉండె. యాసిడ్ పోసి రుద్దడం వల్ల పోయింది. పోసింది మేమే."

కింద పదకొండు మందిమి సంతకాలు పెట్టినం. నాయిన వేలిముద్ర వేసిండు.

గుంతల సున్నం నానవెట్టి ఈ రోజుకు ఇరవై ఆరు దినాలు. మేస్త్రన్నా, వేలితోని తీస్తే మీగడ తీరు వస్తున్నది, కానీ అడుగున ఇంక పలుకులు తగులుతున్నయి. మళ్ల జల్లెడ పట్టాలెనా, ఇంకో పది దినాలు ఆగాలెనా?

సున్నం మేస్త్రి (వనపర్తి)

రెండూ చెయ్యి తమ్మి. జల్లెడ పట్టి, ఇంకో పదిహేను దినాలు ఆగు. గూడు కాడి పని మొదలుపెట్టే ఆదివారం ముందుగాల చెప్పు, నేను బస్సెక్కి వస్త. మీ నాయినను కలవాలె.